జైలు గోడకు ఏ రంగు వేయాలి? గులాబీ, తెలుపు, ఆకుపచ్చ, బొమ్మలు: ఏది ఎక్కడ పనికొస్తుంది

జైలు లోపల రంగులు మార్చే పని మీద పడ్డవాళ్లు ఎవరైనా సరే, ఆర్కిటెక్చర్ స్టూడెంట్ కావచ్చు, శాఖలో పనులు చూసే ఇంజినీరు కావచ్చు, సబ్ జైలుకు మేం రంగులు వేయిస్తామని ముందుకొచ్చిన స్వచ్ఛంద సంస్థ వాళ్లు కావచ్చు, మొదట అడిగేది ఒకటే: "ఖైదీలు గొడవ చేయకుండా ఉండాలంటే ఏ రంగు వేయాలి?" ఆ ప్రశ్న దగ్గరే దారి తప్పుతాం. మనిషిని చల్లబరిచే రంగంటూ డబ్బాలో దొరకదు. ఆ గదిలోకి వెలుతురు ఎంత వస్తుంది, లోపలి మనిషి గంటలుంటాడా ఏళ్లుంటాడా, గోడను ఎవరు కడుగుతారు, ఈ మూడూ తేల్చుకుంటే రంగు సగం తేలిపోయినట్టే. కింద చెప్పేదంతా ఈ మూడు ప్రశ్నలు పట్టుకునే చెప్తున్నాను.

గులాబీ: పేరెక్కువ, పని తక్కువ

జైలు రంగులు అని నెట్‌లో కొడితే ముందు తగిలేది ఇదే కాబట్టి దీన్ని కాస్త విప్పి చూద్దాం. 1970ల చివర్లో అమెరికాలో అలెగ్జాండర్ షాస్ అనే ఆయన, ఒక రకం గులాబీ రంగును చూస్తూ ఉంటే కండరాల బలం తగ్గుతుందని, కోపం దిగుతుందని చెప్తుండేవాడు. మనిషిని చేతులు చాచి నిలబెట్టి, ఎదురుగా రంగు అట్ట పెట్టి, చేతిని కిందికి నొక్కి చూపించేవాడట. అది విని 1979లో సియాటిల్‌లోని నేవీ జైలు అధికారులు బేకర్, మిల్లర్ అనే ఇద్దరు ఒక సెల్లంతా ఆ రంగు వేయించారు. బేకర్ మిల్లర్ పింక్ అనే పేరు అలా వచ్చింది. తయారీలో రహస్యమేమీ లేదు, 8 పాళ్ల తెలుపులో 1 పాలు ఎరుపు. కొత్తగా వచ్చినవాళ్లను అందులో 15 నిమిషాలు ఉంచితే చాలు, గొడవలే లేవని నేవీ వాళ్లు నివేదిక ఇచ్చారు. ఆ మాట పత్రికలకెక్కింది, ఒకదాన్ని చూసి ఒకటి చాలా జైళ్లు పులుముకున్నాయి. తర్వాత స్విట్జర్లాండ్‌లో డానియెలా స్పేట్ అనే రంగుల నిపుణురాలు దీన్ని కాస్త మార్చి "కూల్ డౌన్ పింక్" తయారుచేస్తే అక్కడి జైళ్లు, పోలీస్ స్టేషన్లు చాలానే దాన్ని వేసుకున్నాయి.

ఆ మొదటి నివేదికను ఒక్కసారి మామూలు బుర్రతో చూడండి. కొత్తగా రంగు వేసిన గది, కొత్త పద్ధతి, ఏం జరుగుతుందోనని ఒక కన్నేసి ఉంచిన సిబ్బంది. పక్కనే అలాంటిదే తెల్ల గది పెట్టి పోల్చారా అంటే లేదు. గొడవలు తగ్గింది గోడ వల్లో, ఆ కంటి వల్లో ఎవరు చెప్తారు? చివరికి స్విట్జర్లాండ్‌లోనే కొందరు సైకాలజిస్టులు సరైన పద్ధతిలో పరీక్ష పెట్టారు. 59 మంది మగ ఖైదీల్లో ఎవరు గులాబీ సెల్లుకు, ఎవరు తెల్ల సెల్లుకు అన్నది చీటీ తీసినట్టు తేల్చి, మూడేసి రోజులు ఉంచి, వాళ్ల దూకుడు ఎలా ఉందో కొలిచారు. 2015లో ఫలితం అచ్చయింది: రెండు గదులకూ తేడా లేదు.

పని చేయకపోతే పోనీ, నష్టమేముంది అనొచ్చు. ఉంది. మగవాళ్ల జైల్లో గులాబీ వేస్తే చాలా మందికి అది వెక్కిరింతలాగే తగులుతుంది. అరిజోనాలోని మారికోపా కౌంటీలో షెరిఫ్ జో అర్పాయో ఖైదీలకు గులాబీ లోదుస్తులు ఇప్పించి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు కదా, ఆ కేసొకటి అప్పీలు కోర్టు దాకా వెళ్తే, కారణం చెప్పకుండా ఇలా గులాబీ తొడిగించడం చట్టం ఒప్పని శిక్షలా కనిపిస్తోందని 2012లో జడ్జిలు రాశారు. అది గోడ కాదు, బట్టలే, కానీ అవమానం అదే. దీనికి తోడు మన దగ్గర ఇంకో తలనొప్పి. తెలంగాణలో గోడకు గులాబీ వేస్తే జనానికి ఏం గుర్తొస్తుందో చెప్పనక్కర్లేదు. ఆంధ్రలో పంచాయతీ ఆఫీసులకు వేసిన పార్టీ రంగులు తీసేయమని 2020లో హైకోర్టు చెప్తే, సుప్రీంకోర్టుకు వెళ్లినా అదే మాట నిలిచింది. కాబట్టి గులాబీ అయినా, పసుపు అయినా, ఆకుపచ్చ నీలం తెలుపు పక్కపక్కన పట్టీలైనా, పార్టీ జెండాను గుర్తు చేసే ఏ జోడీ అయినా టెండర్ దాకా తీసుకెళ్లొద్దు. ఐదేళ్లకోసారి గోడలు గీకించే ఖర్చు మిగులుతుంది.

నా సలహా: గులాబీని లిస్టులోంచి కొట్టేయండి. మహిళల జైలుకైతే బాగుంటుంది కదా అని అడుగుతారు, ఆడవాళ్లంటే గులాబీ అనే లెక్క ఇంకా చిరాకు.

తెలుపు, అంటే మన సున్నం

మన పాత జైళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే, తీసిపారేయాల్సిందేమీ కాదు. సున్నం చవక. గోడలోని చెమ్మను లోపలే బంధించకుండా బయటికి పోనిస్తుంది. క్షార గుణం వల్ల బూజు, పురుగు తొందరగా పట్టవు. ఖైదీలే కలుపుకుని వేసుకోగలరు. వందేళ్ల నాటి మందపాటి రాతి గోడలున్న జైలైతే దానికి సున్నం తప్ప వేరే ఆలోచన పెట్టుకోవద్దు. అలాంటి గోడకు ప్లాస్టిక్ ఎమల్షన్ కొడితే లోపలి చెమ్మకు దారిలేక రెండు వానాకాలాలకే పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. ఆనుకుంటే చొక్కాకు అంటుతుంది, తడిగుడ్డతో తుడవలేం, మరక పడితే మళ్లీ పూయాల్సిందే. ఇంతకన్నా పెద్ద లోపం, నాలుగు గోడలూ, పైకప్పూ, తలుపూ అన్నీ తెల్లగా ఉంటే కంటికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. దీన్ని చివరి దాకా లాగితే ఎలా ఉంటుందో ఇరాన్ నుంచి బయటపడ్డవాళ్లు చెప్పారు: తెల్ల గది, తెల్ల బట్టలు, చప్పుడు లేకుండా చేసిన గోడలు, తినడానికి తెల్ల అన్నం. దాన్ని "తెల్ల చిత్రహింస" అనే పిలుస్తారు. మన సున్నం గోడను దాంతో పోల్చడం అన్యాయమే అనుకోండి, మన బ్యారక్‌లో జనం, బట్టలు, గోల, అన్నీ ఉంటాయి. కానీ ఒంటరి సెల్లుకు రంగు ఎంచుకునేటప్పుడు మాత్రం ఇది గుర్తుండాలి.

సున్నాన్ని వదలక్కర్లేదు, రంగు కలపండి. ఎర్రమట్టి, పసుపుమట్టి లాంటి మట్టి రంగులు సున్నంలో బాగా కలుస్తాయి, ఎండకు వెలవవు, ఖర్చు పెద్దగా పెరగదు. మూడు గోడలు తెల్లసున్నం, ఒకటి లేత గోధుమ రంగు చాలు, గది మారిపోతుంది.

లేత ఆకుపచ్చ, లేత నీలం

"ప్రకృతి రంగు, కంటికి చల్లన" అని కళ్లు మూసుకుని వేసేది ఇదే. ఆసుపత్రులకు ఆకుపచ్చ ఎలా వచ్చిందో తెలిస్తే నవ్వొస్తుంది. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే సర్జన్, ఆపరేషన్ గదిలో తెల్లటి గోడలు, తెల్లటి గుడ్డల మధ్య ఎర్రటి రక్తం చూసి చూసి కళ్లు చెదురుతున్నాయని గదికి పాలకూర లాంటి ఆకుపచ్చ వేయించాడు. అంటే ఆ రంగు డాక్టరు కంటి కోసం వచ్చింది, పేషెంటు మనశ్శాంతి కోసం కాదు. తర్వాత ఫేబర్ బిర్రెన్ లాంటి రంగుల సలహాదారులు కంటికి శ్రమ తగ్గుతుందని దాన్ని ఫ్యాక్టరీలకు, ఆఫీసులకు పట్టుకెళ్లారు. చివరికి ప్రభుత్వ గోడ అంటేనే ఆకుపచ్చ అన్నంత దాకా వచ్చింది.

చెడ్డ రంగని కాదు. కిటికీలోంచి పగటి వెలుతురు ధారాళంగా వచ్చే గదిలో లేత ఆకుపచ్చ హాయిగానే ఉంటుంది. చిక్కల్లా వెలుతురు రాని గదిలో, నీలంగా మండే చవక ట్యూబ్‌లైటు కింద. అక్కడ ఆ ఆకుపచ్చ గోడ మీంచి మొహం మీద పడితే ఆరోగ్యంగా ఉన్నవాడు కూడా జ్వరం నుంచి లేచినట్టు కనిపిస్తాడు. లేత నీలమూ అంతే, ఇంకా చలిగా అనిపిస్తుంది. ఇవి ఎండ ఎక్కువ పడే పడమటి వైపు గదులకు ఉంచండి, ఉత్తరం వైపు చీకటి సెల్లులకు వద్దు. అక్కడ మీగడ రంగు, లేత బాదం రంగు లాంటి వెచ్చని షేడ్లే నయం.

జైలంతా ఒకే రంగా, చోటుకో రంగా?

ఎక్కువ కాలం ఉండే జైలుకైతే నాకు బాగా నచ్చేది ఈ రెండో పద్ధతి. నార్వేలో 2010లో తెరిచిన హాల్డెన్ జైలు దీనికి మంచి ఉదాహరణ. పడుకునే చోటు ఇల్లులా, చదువుకునే చోటు బడిలా, పనిచేసే చోటు పనిశాలలా వేరువేరుగా అనిపించాలని లోపలి రంగులు ఎంచుకున్నారు. పొద్దున సెల్లులోంచి బయటికొచ్చినవాడికి "ఇంకో చోటికి వచ్చాను" అనిపించడం దాని లెక్క. జైలు జీవితంలో నలిపేసేది మార్పు లేకపోవడమే, ఆ చిన్న మార్పును గోడ ఇస్తుంది. హాల్డెన్ గోడల మీద డోల్క్ అనే వీధి చిత్రకారుడి బొమ్మలు కూడా ఉన్నాయి, ఒకదాంట్లో ఖైదీ తన కాలికుండాల్సిన ఇనప గుండును షాట్‌పుట్‌లా విసరబోతుంటాడు. ఆ పాటి వేళాకోళాన్ని ఆ శాఖ భరించింది చూడండి, దానికి దండం పెట్టాలి.

అక్కడ సెల్లు ఒకరికి ఒకటి, కిటికీకి ఊచల్లేవు, బయట చెట్లు. ఈ పద్ధతి తెచ్చుకునే ముందు మన లెక్కా చూసుకోవాలి. 2022 జాతీయ గణాంకాల ప్రకారం దేశంలోని జైళ్లు 131.4 శాతం నిండి ఉన్నాయి, లోపలున్నవాళ్లలో 75.8 శాతం మంది విచారణ ఖైదీలు. వందమందికి కట్టిన చోట నూట ముప్పై మంది పడుకుంటుంటే నార్వే రంగులు తెచ్చి పూయడం వల్ల ఒరిగేదేమీ లేదని వాదించేవాళ్లున్నారు. ఆ మాటలో నిజముంది. కానీ రంగు ఎలాగూ వేస్తాం కదా, అదే డబ్బుతో అన్నిటికీ ఒకటే పులమడం బదులు మూడు షేడ్లు తెప్పిస్తే పోయేదేముంది? చదువుల గది, కుట్టు పని షెడ్డు, బ్యారక్, మూడింటికీ మూడు. అంతే.

దారులకు రంగు గుర్తులు పెట్టడం కూడా ఇందులోకే వస్తుంది. చదువు రానివాళ్లకు "పసుపు గీత వెంట వెళ్తే ఆసుపత్రి" అనడం చాలా సాయం. కాకపోతే మగవాళ్లలో కొందరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు, కాబట్టి రంగుతోపాటు బొమ్మ గుర్తు ఉండి తీరాలి.

మరీ ఉత్సాహపడి గోడల మీద చారలు, గళ్లు, సుడులు వేయొద్దు. స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలో, 1938లో బార్సిలోనాలో అల్ఫోన్స్ లౌరెన్సిక్ అనే ఆయన ఖైదీలను హింసించడానికే అలాంటి సెల్లులు కట్టాడు. గోడల మీద కళ్లు తిరిగే గీతలు, వలయాలు, వాటి మీద రంగు లైట్లు, జారిపోయేలా 20 డిగ్రీలు వంచిన బల్ల, నాలుగడుగులు వేయడానికి వీల్లేకుండా నేలలో పైకి పొడుచుకొచ్చిన ఇటుకలు. రంగుకు మనిషి మీద ఏ ప్రభావమూ లేదనేవాళ్లకు ఇదొక్కటి చూపిస్తే చాలు, పీడించడానికి అది బాగానే పనికొచ్చింది. మానసిక సమస్యలున్నవాళ్లను ఉంచే గదుల్లో బలమైన డిజైన్లు అసలే కూడదు.

బొమ్మలు, ప్రకృతి దృశ్యాలు

గులాబీకి వచ్చినంత పేరు దీనికి రాలేదు గానీ ఆధారాలు దీనికే ఎక్కువ. అమెరికాలోని మిషిగన్ జైల్లో 1980ల మొదట్లో ఎర్నెస్ట్ మూర్ అనే పరిశోధకుడు ఒక సాదా లెక్క తీశాడు. లోపలి ఆవరణ వైపు కిటికీ ఉన్న సెల్లుల కంటే, బయటి పొలాలు కనిపించే సెల్లుల్లో ఉన్నవాళ్లు జైలు డాక్టరు దగ్గరికి 24 శాతం తక్కువగా వెళ్తున్నారు. గోడలు అవే, తిండి అదే, కిటికీలోంచి కనిపించేదే వేరు.

కిటికీ లేకపోతే? ఒరెగాన్‌లోని స్నేక్ రివర్ జైల్లో ఏకాంత సెల్లుల ఖైదీలు రోజుకు 23 గంటలు లోపలే ఉంటారు. అక్కడ ఒక చిన్న గదిలో ప్రొజెక్టర్ పెట్టి అడవులు, సముద్రాలు, మేఘాలు ఉన్న వీడియోలు గోడ మీద వేశారు. ఆ వెలుగుకు గదంతా నీలంగా కనిపిస్తుందని "బ్లూ రూమ్" అన్నారు, ఆ నీలం వెలుగుదే గానీ రంగు డబ్బాది కాదు. ఈ ఆలోచన వెనక ఉన్నది నళినీ నాడ్‌కర్ణి, వర్షారణ్యాల్లో చెట్ల కొమ్మలెక్కి పరిశోధన చేసే శాస్త్రవేత్త. వీడియోలు చూసినవాళ్లకు హింస విషయంలో పడ్డ క్రమశిక్షణ కేసులు చూడనివాళ్ల కంటే 26 శాతం తక్కువని 2017లో అచ్చయింది. కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీ జైల్లో కొత్తవాళ్లను చేర్చుకునే హాల్లో పచ్చిక బయలు బొమ్మ పెద్దదిగా పెట్టి, అక్కడ డ్యూటీ చేసే ఆఫీసర్ల మీద దాని ప్రభావం కూడా చూశారు. నాకు నచ్చింది ఆ రెండో ముక్క. ఖైదీ ఎప్పుడో ఒకప్పుడు బయటికి పోతాడు, వార్డర్ రిటైరయ్యే దాకా ఆ గోడల మధ్యే ఉంటాడు. సిబ్బంది గదికి రంగు వేయించడం ఎవరికీ గుర్తుండదు.

అయితే బొమ్మ పెట్టే చోటు ముఖ్యం. ఢిల్లీలో తీహార్ జైలు బయటి గోడ మీద 2014లో చాలా పొడవాటి చిత్రం వేశారు, బాగుంది, కానీ అది రోడ్డున పోయేవాళ్లకు. డబ్బు కొద్దిగానే ఉంటే లోపలి గోడకు పెట్టండి. దూరం కనిపించే దృశ్యాలు వేయండి, చెరువు, పొలం, కొండ. చూపు దూరంగా పోయే అవకాశమే అక్కడ లేదు కదా. నినాదాలు, నీతి వాక్యాలు మాత్రం దయచేసి వద్దు. "మంచిగా మారుదాం" అనే మాట, ఇంకా నేరమే రుజువు కాని విచారణ ఖైదీకి రోజూ పొద్దున్నే కనిపించడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

రంగుకంటే ముందు వెలుతురు

ఖైదీలను ఎలా చూడాలో చెప్తూ 2015లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న మండేలా నియమాల్లో 14వది, పగటి వెలుతురులో చదువుకోవడానికి, పనిచేసుకోవడానికి వీలైనంత పెద్ద కిటికీ ఉండాలంటుంది. రంగు గురించి అందులో ఏమీ లేదు, వెలుతురు గురించి ఉంది. మీ బడ్జెట్ కూడా అలాగే నడవాలి: కిటికీకి అడ్డంగా కొట్టిన రేకులు తీయించడం, అద్దాలు కడిగించడం, లైట్లు మార్చడం, ఆ తర్వాతే రంగు.

షేడ్ ఎంచుకునేటప్పుడు ఎల్‌ఆర్‌వీ అనే అంకె అడగండి. గోడ మీద పడ్డ వెలుతురులో ఎంత శాతం తిరిగి గదిలోకి వస్తుందో చెప్పే లెక్క అది. మంచి తెలుపు 80 పైన ఉంటుంది, లేత షేడ్లు అరవై డెబ్భై, ముదురు ఇటుక రంగు ఇరవై లోపే. మన ప్రభుత్వ బిల్డింగుల్లో నడుము ఎత్తు దాకా ముదురు ఎరుపో, చాక్లెట్ రంగో పట్టీ కొడతారు చూడండి, డాడో అని, అది మురికి కనపడకూడదని. కనపడకపోతే కడగరు. పైగా చీకటి గదిలో సగం గోడ వెలుతురును మింగేస్తుంది.

కింది గోడ సంగతి వేరేగా చూడాలి, ఒప్పుకుంటాను. బ్యారక్‌లో ఒకరి పక్కన ఒకరు గోడకు ఆనుకుని కూర్చుంటారు, తలకు రాసుకున్న కొబ్బరినూనె గోడకు అంటి, కూర్చున్న ఎత్తులో గది చుట్టూ నల్లటి చార పడుతుంది. దాని కింద ఖైనీ మరకలు. అక్కడ సున్నం నిలవదు. ఐదడుగుల దాకా కడగడానికి వీలయ్యే రంగు వేయండి, కానీ మధ్యస్థంగా ఉండే షేడు, ఉదాహరణకు లేత ఇసుక రంగు, అదీ మెరుపు తక్కువున్నది. నిగనిగలాడే ఎనామెల్ కడగడానికి హాయి గానీ, లైటు దాని మీంచి కళ్లలోకి కొడుతుంది, సీసీ కెమెరాకీ ఇబ్బందే.

పైకప్పు గురించి ఎవరూ ఆలోచించరు. లోపలున్న మనిషి ఎక్కువసేపు పడుకునే ఉంటాడు, అతను చూసే గోడ అదే. దాన్ని తెల్లగా, బూజు లేకుండా ఉంచండి. కిటికీ గూడు లోపలి అంచులు కూడా తెల్లగా ఉండాలి, అప్పుడు బయటి ఎండకూ లోపలి చీకటికీ మధ్య తేడా తగ్గి కళ్లకు సుఖంగా ఉంటుంది.

రంగు వేయకముందు ఇలాంటి గదిలో కూర్చుంటే ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకునే స్టూడెంట్లకు సంగారెడ్డి ఉంది. 1796 నాటి ఆ జైలును మ్యూజియం చేసి, 2016లో 500 రూపాయలకు 24 గంటలు లోపల ఉండే పథకం పెట్టారు. ముందు ఫోన్ చేసి కనుక్కుని, ఫోన్లో ఫొటోలు తీసుకోవడం కాకుండా మధ్యాహ్నం, రాత్రి రెండు పూటలా గోడలు చూసి రండి.

ఏ గదికి ఏది

చేర్చుకునే గది, గంటలు మాత్రమే ఉండే హోల్డింగ్ సెల్లు: మీగడ తెలుపు, కడగడానికి వీలైనది, బోర్డులు స్పష్టంగా. ఇక్కడ కళాత్మకంగా ఏమీ చేయక్కర్లేదు, లోపలికొచ్చిన మనిషి భయంలో ఉంటాడు, అతనికి తలుపెక్కడ, బాత్రూమెక్కడ, మాట్లాడాల్సిన మనిషెవరు అన్నది కనిపిస్తే చాలు. గోడ మీద పెట్టే డబ్బులేమైనా మిగిలితే సిబ్బంది కూర్చునే వైపు ఒక దృశ్యం బొమ్మ పెట్టండి.

బ్యారక్ గురించి పైన చెప్పేశాను. ఒంటరి సెల్లుకు మాత్రం నాలుగు గోడలూ ఒకే రంగు వేయొద్దు, ఏ రంగైనా సరే. పడుకుంటే ఎదురుగా కనిపించే గోడను వేరు చేయండి, వీలైతే మూడు నాలుగు షేడ్లు చూపించి ఆ గోడ రంగు లోపల ఉండే మనిషినే ఎంచుకోనివ్వండి. ఆ జీవితంలో అతను తనంతట తాను ఎంచుకునేవి ఎన్నుంటాయి చెప్పండి. రంగు వేసే పని కూడా ఖైదీలకే కూలి ఇచ్చి చేయించొచ్చు, తాము వేసుకున్న గోడ మీద గీతలు గీయడానికి మనిషి కొంచెం వెనకాడతాడు.

ములాఖత్ గదిలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఖైదీ వెనక కిటికీ ఉండో, మెరిసే తెల్ల గోడ ఉండో, ఇవతల జాలీ దగ్గర నిలబడ్డ తల్లికి కొడుకు మొహం నల్లటి నీడలా తప్ప కనపడదు. రెండు వైపులా వెనక గోడలకు మధ్యస్థంగా ఉండే వెచ్చని రంగు వేయండి, లేత మట్టి రంగు, పీచ్ లాంటివి, లైట్లు మొహాల మీద పడేలా ముందు వైపు పెట్టించండి. "చిక్కిపోయావురా" అనే మాట కొంత గోడ వల్ల కూడా వస్తుంది.

జైలు ఆసుపత్రికి పసుపు వేయొద్దు, కామెర్లు పట్టుకోవడం కష్టమవుతుంది. ఆకుపచ్చ, నీలం కూడా రోగి ఒంటి రంగును మార్చి చూపిస్తాయి. పరీక్షించే గది తటస్థంగా, కాస్త వెచ్చని తెలుపుతో ఉండాలి. లైటు కొనేటప్పుడు రంగులను ఉన్నవున్నట్టు చూపించే సీఆర్‌ఐ 80 పైన ఉందో లేదో డబ్బా మీద చూడండి.

మహిళల జైళ్లలో తల్లులతోపాటు పిల్లలుంటారు. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇప్పటికీ దీనికి ఆధారం: ఆరేళ్ల దాకా పిల్లలు తల్లి దగ్గర ఉండొచ్చు, వాళ్లకు శిశు సంరక్షణ గది, బాలవాడి ఉండాలి. ఆ గదికి మాత్రం నిస్సంకోచంగా రంగులు వేయండి, పిల్లల కంటి ఎత్తులో, రెండు మూడడుగుల్లోపు. కార్టూన్ల కంటే బయటి ప్రపంచం వేస్తే మంచిది, బస్సు, గేదె, కూరగాయల బండి, రైలు, ఎందుకంటే వాళ్లలో కొందరు అవి దగ్గర్నుంచి చూసి ఉండరు. పిల్లలు గోడ పెచ్చులు గిల్లి నోట్లో పెట్టుకుంటారు కాబట్టి సీసం లేని రంగే కొనాలి. 2017 నవంబరు నుంచి మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదని నియమం. కొత్త డబ్బా సరే, కింద ఉన్న పాత ఎనామెల్ పొరల మాటేమిటి? వాటిని పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది, అందుకే తడిపి గీకించాలి, ఆ రోజుల్లో పిల్లల్ని వేరే చోట ఉంచాలి.

ఆర్డరు పెట్టే ముందు ఒక్క సెల్లుకు వేసి చూడండి. షేడ్ కార్డులో అగ్గిపెట్టంత ముక్క చూసి ఎంచుకున్న రంగు నాలుగు గోడలకూ ఎక్కితే ఎప్పుడూ అనుకున్నదానికంటే చిక్కగా కనిపిస్తుంది, అందుకే కార్డులో ఒక మెట్టు లేతది తీసుకోండి. పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి లైటు కింద మూడుసార్లు చూడండి. నెల తర్వాత మళ్లీ వెళ్లి మురికి ఎంత ఎత్తులో పట్టిందో టేపు పెట్టి కొలవండి, కడగదగ్గ రంగు ఎక్కడిదాకా వేయాలో గోడే చెప్తుంది. లోపల ఉన్న మనిషినీ, ఆ బ్లాకు వార్డర్‌నీ విడివిడిగా అడగండి, ఇద్దర్నీ కలిపి అడిగితే ఇద్దరూ బాగుందనే అంటారు. ఖాయం చేశాక షేడ్ కోడ్, కంపెనీ పేరు, వేసిన తేదీ స్టోర్ రిజిస్టర్‌లో రాయించండి, లేకపోతే తర్వాతొచ్చిన కాంట్రాక్టరు తన దగ్గరున్న మీగడ రంగేదో తెచ్చి అతుకులేస్తాడు.